రెండు మెమోలు, ఒక సంతకం

మొన్న వేసవిలో మా చెల్లెలి మనవరాలు శ్రీజ మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, తాను రాసిన ప్రవేశ పరీక్షల మార్కులన్నీ నాకు చూపించింది. ఒక్కో పరీక్షను రెండేసి సార్లు రాసిందట. ఒకసారి లెక్కల్లో పెరిగి భాషలో తగ్గాయి, మరోసారి భాషలో పెరిగి లెక్కల్లో తగ్గాయి. ఏ విశ్వవిద్యాలయానికి ఏ మార్కులు పంపాలో, ఏవి తన దగ్గరే ఉంచుకోవాలో తేల్చుకోలేక, ఇంట్లో అందరినీ అడిగి, చివరికి నా దగ్గరకు వచ్చింది. నేను జీవితంలో పెట్టిన ప్రతి దరఖాస్తుకూ నకలు తీసి దాచుకున్నదాన్నని మా బంధువర్గంలో అందరికీ తెలుసు. అవసరం పడినప్పుడు దానిని గుణమంటారు, తక్కినప్పుడు మరోలా అంటారు.

"ఒకటేమో అన్నీ పంపమంటోంది పెద్దమ్మమ్మా. ఇంకోటి మనకు నచ్చినవి పంపితే చాలంటోంది. మూడోదైతే అసలు పంపకపోయినా పర్లేదంటోంది."

"సంతకం దేని కింద పెట్టాలి?" అని అడిగాను.

"సంతకం లేదు. చిన్న గడిలో టిక్ పెట్టాలంతే."

"ఆ గడి పక్కన ఏమి రాసి ఉంది?"

"అది ఎవరూ చదవరు."

"టిక్ పెట్టేదెవరు?"

"నేనే."

"మరి మీ నాన్న?"

"నాన్నకు పాస్‌వర్డ్ తెలీదు."

ముందు ఆ గడి పక్కన ఉన్నది చదివి రమ్మన్నాను. తాను అడిగినదానికి పెద్దమ్మమ్మ జవాబు చెప్పలేదన్న ముఖం పెట్టుకొని ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను జవాబు పూర్తిగానే చెప్పాను. వివరించడానికి ఒక అధ్యాయం పడుతుంది గనుక ఇది రాస్తున్నాను.

జహీరాబాదులో మా ఇల్లు మా అల్లం దుకాణానికి వెనక ఉండేది. మా బాపు సంగప్ప అడ్తి వ్యాపారి. రైతు తెచ్చిన సరుకును తన దుకాణంలో దింపించి, హర్రాజు పెట్టించి, అమ్మిపెట్టడం ఆయన పని. కోహీర్ వైపు నుంచి, రాయికోడ్ వైపు నుంచి బండ్లు తెల్లవారకముందే వచ్చి వాకిట్లో నిలిచేవి. ఎర్రమట్టి అంటిన పచ్చి అల్లం వాసన మా గోడలకూ, దుప్పట్లకూ, నా పుస్తకాలకూ పట్టి ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్మేవారు. ఇంత అల్లం మధ్య బతికిన మేము వంటకు అల్లం బజారు నుంచి కొనుక్కొని తెచ్చుకునేవాళ్ళమంటే శ్రీజ నమ్మలేదు. హర్రాజు అయ్యేదాకా ఆ సరుకు రైతుదనీ, అయ్యాక కొన్నవాడిదనీ, మధ్యలో మనది అయ్యే ఘడియ ఏదీ లేదనీ బాపు లెక్క. దొర్లి మా వంటింటి గడప దగ్గరకు వచ్చిన ముక్కను కూడా అమ్మ తీసుకెళ్ళి రాశిలో వేసి వచ్చేది. మా నాయనమ్మ మాత్రం పొద్దున చాయ్ తాగే ప్రతిసారీ, అల్లం లేని చాయ్ అల్లం అడ్తి ఇంట్లోనే తాగాలె గదా అని గోడతో చెప్పుకునేది.

జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఆ రోజుల్లో మనుషులు నిజాయితీపరులని రాయడం చూస్తుంటాను. నేను అక్కడే ఉన్నాను, అలాంటిదేమీ లేదు. మా వరసలో చాలా దుకాణాలలో పెద్ద పెద్ద కొమ్ములు కడిగి రాశి పైన పేర్చి, ముడుచుకుపోయినవి, మెత్తబడినవి అడుగుకు తోసేవారు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు, అమ్మేవాడికి వాడికి తెలుసునని తెలుసు. మా బాపు హర్రాజుకు ముందు చెక్కపారతో రాశిని అడుగుదాకా తిరగవేయించేవాడు. కిందిది పైకి వచ్చేది, పైది కిందికి పోయేది. కుళ్ళిన ముక్క కనబడితే చేత్తో తీసి కొనేవాళ్ళ ముందు పెట్టి, "ఇగో, ఇసొంటియి గూడ ఉన్నయి" అనేవాడు. ఎవరూ అడిగేవారు కారు. దీనివల్ల కొందరు రైతులు అలిగి వేరే దుకాణాలకు పోయారు, బీదర్ నుంచి వచ్చే కొనుగోలుదార్లు మాత్రం మా రాశి దగ్గర వంగి చూడకుండానే పాట పాడేవారు. ఇందులో ఏది లాభమో నేను లెక్కవేయడానికి ప్రయత్నించాను గానీ బాపు లెక్కలు ఇవ్వలేదు. లాభానికి చేసేది కాదన్నాడు.

ఆ రాశుల దగ్గరే నాకు వ్యవసాయ కళాశాల మీద మనసు పడింది. దుంపకుళ్ళు తగిలిన ఏడాది, న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక రైతు బండి నిండా తెచ్చిన అల్లం మా ముందరే బురదలా జారింది. ఎందుకిలా అయిందని ఆయన బాపును అడిగాడు. బాపుకు తెలియదు. ఆయన నన్ను కూడా అడిగాడు, నేను కాలేజీలో చదువుతున్నాను గనుక. నాకూ తెలియదు. ఈ సంగతి నాకు చాలా అవమానంగా తోచింది. పట్నంలో ఈ చదువు చెప్పే కళాశాల ఉందనీ, అందులో సీటు దొరకడం కష్టమనీ తెలిసింది. దాని పేరు ఇక్కడ రాయను. అందులో పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళతో నాకు తగవు లేదు.

ఇంటర్మీడియట్‌లో నాకు మొత్తం మార్కులు బాగానే వచ్చాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలలో మాత్రం మధ్యరకంగా వచ్చాయి. వ్యవసాయ కళాశాలవాళ్ళు ఆ రెండింటినీ చూస్తారు, ఇంకోసారి రాసి పెంచుకోమని మా లెక్చరర్ చెప్పారు. ఒక ఏడాది ఇంట్లోనే ఉండి మళ్ళీ రాశాను. ఆ రెండూ బాగా పెరిగాయి. రసాయనశాస్త్రం పరీక్ష నాడు మాత్రం నాకు చలిజ్వరం వచ్చి, రగ్గు కప్పుకొని రాశాను. దానితో మొత్తం మార్కులు మొదటిసారికంటే తగ్గాయి. ఆ విధంగా నా దగ్గర రెండు మార్కుల మెమోలు తయారయ్యాయి. ఒకదానిలో మొత్తం ఎక్కువ, రెండోదానిలో కావలసిన విషయాలు ఎక్కువ. మంచివి ఏరి కలుపుకోవడానికి వీలులేదు. మెమో మెమోగానే ఇవ్వాలి. పైగా పాసై రెండేళ్ళు దాటితే దరఖాస్తుకు వీలు లేదన్నారు గనుక మొదటి మెమోకు అదే ఆఖరి ఏడు. ఆ ఏడు సీటు రాకపోతే బీదర్‌లో బి.ఎస్సీ.లో చేరాలని ఇంట్లో అనుకున్నాం. బీదర్ చదువులో దుంపకుళ్ళు లేదు.

కళాశాల పంపిన వివరాల పుస్తకం నాలుగో పేజీలో ఇలా ఉంది: రెండుసార్లు పరీక్ష రాసిన అభ్యర్థి తనకు ఇష్టమైన ఏదో ఒక మెమోను జతచేయవచ్చును, మొత్తం మార్కులతోపాటు జీవశాస్త్రాల మార్కులను కూడా పరిగణించెదరు. ఈ "కూడా" ఎంత అన్నది ఎక్కడా లేదు. సగమా, పావా, ఇద్దరికి సమానంగా వచ్చినప్పుడేనా? నేను కళాశాలకు ఉత్తరం రాశాను. వాళ్ళు కార్డు రాశారు, నాలుగో పేజీ చూడుము అని. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇప్పటికీ దాన్ని చూసినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఏ మెమో పెట్టాలన్న చర్చ మా ఇంట్లో ఆ వానాకాలమంతా, రాత్రి భోజనాల వేళ, జొన్నరొట్టెల సాక్షిగా నడిచింది. తహసీలు కచేరీలో గుమాస్తాగా ఉన్న మా చిన్నాయనకు ఫారాలంటే ప్రాణం. ఆయన నస్యం డబ్బీ తెరిచి, మూసి, తీర్పు చెప్పేవాడు.

"మొత్తం ఎక్కువున్నదే పెట్టాలె. కచేరీల ఎవడన్న లోపల సూస్తడా? కింద టోటల్ సూస్తడు, టిక్ కొడ్తడు."

"మరి జీవశాస్త్రాలు కూడా చూస్తామని రాసిన్రు గదా చిన్నాయనా."

"రాసుడు వేరు, సూసుడు వేరు. నేను ఇరవై ఏండ్ల సంది రాస్తున్న, ఒక్కనాడన్న సూసిన్నా?"

నాయనమ్మ అభిప్రాయం వేరు. "రెండిట్ల ఏదీ ఇయ్యకున్రి. పిల్ల మార్కులు ఊరోళ్ళకు చూపెడ్తె దిష్టి తగుల్తది."

"ఇయ్యకుంటె సీటు ఎట్లిస్తరే అవ్వా?" అన్నాడు చిన్నాయన.

"బాగ సదువుతదని నోటితోని చెప్పున్రి. మనం అబద్ధం చెప్తమా?"

మా దుకాణానికి ఆనుకొని ఆలుగడ్డల దుకాణం నడిపే ఖాజా చిచ్చా, బాపుకు చిన్ననాటి స్నేహితుడు, చాలా రాత్రులు మా అరుగు మీదే ఉండేవాడు. ఆయనకు ఉర్దూ తప్ప మరో భాష చదవడం రాదు. అయినా రెండు మెమోలనూ చేతుల్లో పట్టుకొని బరువు చూసినట్టు చూసి, కింది ముద్రల మీద వేలు పెట్టి, "ఏదిచ్చినా ఫికర్ లేదు బేటా, రెండిటికీ మొహరు గట్టిగనే ఉన్నది" అన్నాడు.

నేను ఒక తావు మీద రెండు నిలువు గీతలు గీసి, ఇరువైపులా కారణాలు రాసుకొని, మొత్తం ఎక్కువ ఉన్న మొదటి మెమో పెట్టడమే సరైనదని నిర్ణయించుకున్నాను. దారి వేరైనా చిన్నాయన తీర్పూ నా తీర్పూ కలిశాయి, ఇది నాకు నచ్చలేదు. ఆ రాత్రి అమ్మ రొట్టె వడ్డిస్తూ, ఆ చర్చలన్నిటిలో ఒకే ఒక్క మాట అడిగింది. "రెండూ ఇస్తె ఏమైతది?"

"వదినా, గది రూల్ల లేదు," అన్నాడు చిన్నాయన.

బాపు తినడం ఆపి అమ్మ వైపు చూశాడు.  మరునాడు దరఖాస్తు చివరి పేజీలో తండ్రి లేదా సంరక్షకుడు సంతకం చేయవలసిన చోటు చిన్నాయన చూపించాడు. దానిపైన, అభ్యర్థికి సంబంధించిన ఏ వివరమూ దాచలేదని ఇందుమూలముగా ధ్రువపరచుచున్నాను అని అచ్చువేసి ఉంది. బాపు అది రెండుసార్లు చదివాడు. "గది అందరు పెట్టేదే అన్నా, సదువుడు గాదు, పెట్టుడే," అన్నాడు చిన్నాయన. బాపు పెట్టాడు. నాలుగో పేజీ ఏదో ఒకటి ఇవ్వవచ్చునంటుంది, చివరి పేజీ ఏదీ దాచలేదని సంతకం పెట్టమంటుంది. ఆ రెండు పేజీలనూ ఒకే రోజు చదివినవాడు ఆ కార్యాలయంలో ఒక్కడూ లేడని నేను అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఎంపికకు పిలుపు వచ్చింది. బాపు, నేను, పట్నం దారులు తెలిసినవాడని ఖాజా చిచ్చా, ముగ్గురం పొద్దుటి బస్సుకు పోయాం. పొడుగాటి వరండా, అందులో మాలాంటి తండ్రులు, మామలు, అన్నలు, వాళ్ళ మధ్య నలిగిపోయిన పిల్లలు. లోపల బల్ల వెనక కళ్ళద్దాల అధికారి ఒకరు పేర్లు పిలుస్తున్నారు. మధ్యాహ్నానికి సీట్లు అడుగంటాయని బయట మాట వచ్చింది. ఆ తర్వాత కొంతసేపటికి నా పేరు పిలిచారు. ఆయన నా మెమో అసలు ప్రతిని దరఖాస్తుతో పోల్చి, తల ఊపి, ఎర్ర పెన్సిలు తీశారు. అప్పుడు బాపు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి, విప్పి, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేశాడు.

"ఇది గూడ ఉన్నది సార్. దీంట్ల మొత్తం జర తక్కువ."

అధికారి కళ్ళద్దాలు తీశారు. "ఇదెందుకిచ్చారండీ? ఎవరడిగారు?"

"ఎవరు అడగలే సార్."

"ఇది నేను ఫైల్లో పెడితే మీ అమ్మాయి పేరు పక్కన పెట్టాలి. రెండింటిలో ఏది లెక్కో కమిటీ తేల్చాలి. కమిటీ వచ్చే వారం కూర్చుంటుంది. సీట్లు ఇవాళే అయిపోతాయి." ఆయన నిజానికి మంచివారు. వెనక ఉన్నవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించారు. "దీన్ని మీ జేబులో పెట్టుకోండి. నేను చూడలేదు. బయటికెళ్ళి మాట్లాడుకుని రండి, ఇంకో ముగ్గురిని పిలిచి మళ్ళీ పిలుస్తాను."

వరండా చివర నల్లా దగ్గర నిలబడ్డాం. నేను కోపంలో ఉన్నప్పుడు నెమ్మదిగా మాట్లాడతాను. ఆనాడు చాలా నెమ్మదిగా మాట్లాడాను.

"బాపూ, ఏదన్న ఒకటి ఇయ్యచ్చని నాలుగో పేజీల ఉన్నది."

"నాలుగో పేజీ మీద నేను సంతకం పెట్టలే."

"అందరు పెట్టిన్రు. లోపట ఉన్నోళ్ళల్ల ఎంతమందికి రెండు మెమోలు ఉన్నయో."

"ఉండచ్చు. వాళ్ళ సంతకం వాళ్ళది."

"నా సీటు పోతది బాపూ."

ఆయన నా ముఖం చూడలేదు. "నాకు ఎరికే బిడ్డా. రాత్రంత గదే ఆలోచన జేసిన. ఏం దాయలేదని రాసిన దాని కింద పేరు పెట్టి, జేబుల ఇది పెట్టుకొని ఆయన ముందట ఎట్ల నిలవడాలె?"

"అరె సంగప్పా," అన్నాడు ఖాజా చిచ్చా, "ఆయన తీస్కపో అంటున్నడు, నువ్వు తీస్కోను అంటున్నవు. దునియాల ఇసొంటి బేరం నేను చూడలే."

"నేను బేరం చేస్తలేను ఖాజా."

"చేస్తలేవు. బిడ్డ సీటు అమ్ముతున్నవు."

 లోపల రెండో పేరు పిలిచారు. చిచ్చా తన టోపీ తీసి, తల రుద్దుకొని, మళ్ళీ పెట్టుకొని నన్ను అడిగాడు. "బేటా, ఆ సంతకం తండ్రే పెట్టాలనా?"

"తండ్రి లేదా సంరక్షకుడు అని ఉన్నది."

"అంటె పెద్దోడు ఎవడన్న."

"అంతే."

"నాకు తెలుగు సదువ రాదు, ఇంగ్లీషు రాదు. సంగప్ప జేబుల ఉన్నది మార్కుల కాయిదమో, హకీం మందుచీటీయో నాకేం ఎరుక? నా ఎరుకల దాసింది ఏం లేదు. పద."

నేను బాపు వైపు చూశాను. ఆయన నల్లా తిప్పి, దోసిట పట్టి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. దాహం వేసినవాడు తాగేదానికంటే ఎక్కువసేపు తాగాడు. మూడో పేరు పిలిచారు. నేను చిచ్చాను తీసుకొని లోపలికి పోయాను. సంరక్షకుడు సంతకం పెడతాడని చెబితే, అధికారి బాపు సంతకమున్న ఫారం తీసేసి, కొత్త దరఖాస్తు ఫారం ఇచ్చారు. మొదటి మెమో జతచేశాను. చివరి పేజీ మీద ఖాజా చిచ్చా కుడి నుంచి ఎడమకు, తీరిగ్గా, ఉర్దూలో సంతకం పెట్టాడు. సంరక్షకుని చిరునామా అడిగితే తన ఇంటి చిరునామా చెప్పాడు. ఎర్ర పెన్సిలు టిక్ కొట్టింది. నాకు సీటు వచ్చింది.

నేను చేసినది తప్పని ఒప్పుకుంటానని ఎవరైనా ఎదురుచూస్తుంటే, అటువంటి వాక్యం ఈ అధ్యాయంలో లేదు. నిబంధన నా పక్షాన ఉంది. నాలుగో పేజీ నకలు కావలసినవారు అడగవచ్చును. బాపుదే పొరపాటని నేను ఆయనతోనే చెప్పాను. రాశిలో కుళ్ళు దాస్తే కొన్నవాడు మోసపోతాడు, నా రెండో మెమోలో కుళ్ళు లేదు, జ్వరం మాత్రమే ఉంది. ఆయన విని, "నువ్వన్నది నిజమే కావచ్చు" అన్నాడు. అంతకంటే చిరాకు పుట్టించే మాట నేను జీవితంలో వినలేదు.

అయితే ఆ సంతకానికి మేమెవరమూ ఊహించని ఫలితం ఒకటి ఉంది. కళాశాల రికార్డులలో నా సంరక్షకుడు ఖాజా చిచ్చా. నా మార్కుల పత్రాలు, హాజరు తగ్గితే హెచ్చరికలు, సెలవుల ప్రకటనలు, అన్నీ ఆయన పేరు మీద, ఆయన ఇంటికి వచ్చేవి. ఆయన ఆ కవర్లు చింపకుండా పట్టుకొచ్చి మా దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టేవాడు. "సదువు సంగప్పా, మన పిల్ల ఏం చేసిందో."

"పేరు నీది."

"నాకు సదువ రాదు గదా."

"గట్లని నేనెట్ల చింపుతా? నువ్వే చింపు."

చిచ్చా చింపేవాడు. చింపిన కవరు మళ్ళీ గల్లాపెట్టె మీద పెట్టేవాడు. బాపు దానిమీద తక్కెడ రాయి ఒకటి బరువు పెట్టేవాడు, గాలికి ఎగరకుండా. మా ఊళ్ళో చదవగలిగినవాడు చదవడు, చదవమన్నవాడికి చదవరాదు. చిన్నాయన ఒకసారి చెయ్యి చాపితే బాపు రాయి మీద అరచెయ్యి పెట్టాడట. నేను సెలవులకు ఇంటికి వచ్చి, ఆ కాగితం తీసి, అరుగు మీద కూర్చున్న చిచ్చాకు పైకి చదివి వినిపించేదాన్ని. చిచ్చా ప్రతి విషయానికీ మాషల్లా అనేవాడు, తప్పినంత పని చేసిన భౌతికశాస్త్రానికి కూడా. బాపు మాకు వీపు పెట్టి రాశి అంచులు ఊడ్చుకుంటూ ఉండేవాడు. నేను చదువుతున్నంతసేపూ ఊడ్చిన చోటే ఊడ్చేవాడు. అయిపోయాక చిచ్చాను అడిగేవాడు. "ఏమంటున్నది ఖాజా, మీ బిడ్డ?"

"బాగనే సదువుతున్నదంట."

"మంచిది."

నాలుగేళ్ళు ఇలాగే జరిగింది. ఇందులో ఎవరూ ఎవరిమీదా అలగలేదు. బాపు నాకు హాస్టలుకు అమ్మ చేసిన సజ్జరొట్టెలు తానే మోసుకొచ్చేవాడు, గేటు దగ్గర పుస్తకంలో సంబంధం అన్నచోట "తండ్రి" అని రాసేవాడు. కాపలాదారు రికార్డులో వేరే పేరుందనేవాడు. బాపు అవునని ఒప్పుకొని, రొట్టెలు గేటు దగ్గరే ఇచ్చి, నేను వచ్చేదాకా బయట నిలబడేవాడు. ఆ నిలబడడం చూసి నా స్నేహితురాళ్ళు నన్ను జాలిగా చూసేవారు. నాకు జాలి అవసరం లేదు. ఆ కాపలాదారుకు బుద్ధి చెప్పమని వార్డెనుకు దరఖాస్తు పెట్టాను. నియమం ప్రకారం కాపలాదారు చేసినదే సరైనదని జవాబు వచ్చింది.

ఇప్పటి పద్ధతి వేరు. శ్రీజ రాసిన పరీక్షలలో ఒకటైతే ఎక్కువ వచ్చిన మార్కును తానే ఏరుకొని, తక్కువదానిని తానే మింగేస్తుంది. అది న్యాయమే. జ్వరం వచ్చిన రోజు మనిషి మెడకు జీవితాంతం వేలాడనక్కరలేదు. నేను ఇన్నేళ్ళుగా వాదిస్తున్నదీ అదే. అయితే ఆ గడిలో టిక్ పెట్టేటప్పుడు పక్కన నిలబడి, నాకిది కుదరదు బిడ్డా అనే మనిషి ఒకడు ఉండే ఏర్పాటు అందులో ఎక్కడా లేదు. అది లాభమో నష్టమో ఒక తావు మీద నిలువు గీతలు గీసి రాయడానికి మొన్న కూర్చున్నాను. ఒక వైపు నిండింది. రెండో వైపు బాపు పేరు తప్ప ఇంకేమీ రాయలేకపోయాను. శ్రీజ నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి, గడి పక్కన ఉన్నది చదివానని చెప్పింది. ఇచ్చిన వివరాలు నిజమని మాత్రమే ఉందట, అన్నీ ఇచ్చానని లేదట. అయితే నీకు నచ్చినవి పంపుకోమన్నాను. నాకు ఆ రోజుల్లో దొరకని వాక్యం ఆ పిల్లకు దొరికింది.

పట్టా ఇచ్చే రోజుకని కళాశాలవారు ఒక్కో విద్యార్థికి సంరక్షకుని కోసం ఒక ప్రవేశపత్రం పంపారు. అది సహజంగానే ఖాజా చిచ్చా పేరు మీద వచ్చింది. బాపు, చిచ్చా ఇద్దరూ ఇస్త్రీ చేసిన బట్టలతో వచ్చారు. గేటు ముందు చిచ్చా ఆ పత్రం బాపు చేతిలో పెట్టి, "పో, లోపలికి పో, నేను ఈడ చాయ్ తాగుత" అన్నాడు. జనం తోసుకుంటున్నారు. కాపలాదారు పత్రాల రంగు చూసి పంపిస్తున్నాడు, పేర్లు చదవడం లేదు. బాపు వంతు వచ్చింది. వాడు చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నాడు.

"ఈ పేరు నాది గాదు," అన్నాడు బాపు.

అంత మాట విన్నాక పంపడానికి కాపలాదారుకు వీలు లేకపోయింది. వెనకనున్నవాళ్ళు గొణిగారు. చిచ్చా వచ్చి, నెత్తి కొట్టుకొని, ఆ పత్రం తీసుకొని తాను లోపలికి వెళ్ళాడు. నా పేరు పిలిచినప్పుడు ఆయన ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చుట్టుపక్కలవాళ్ళు ఆయన టోపీని చూశారు, వేదికమీద పిలిచిన పేరును తలచుకున్నారు.

తంతు ముగిశాక నల్ల గౌనుతోనే పట్టా పట్టుకొని బయటికి వచ్చాను. బాపు ప్రహరీ నీడలో, ఇస్త్రీ చెడకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. నేను కాగితం చాచాను. ఆయన వెంటనే అందుకోలేదు.

"ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే బాపూ."

"ఇంకోటి ఏం లేదు?"

"లేదు."

అప్పుడు చేతులు పంచెకు తుడుచుకొని, పట్టా తీసుకొని, పైనుంచి కిందిదాకా చదివాడు. నాలుగేళ్ళలో నా పేరున్న కాగితం ఆయన చదవడం అదే మొదటిసారి. చదివి, వెనక వైపు తిప్పి చూసి, మళ్ళీ ముందు వైపు తిప్పి, మొదటి అక్షరం నుంచి ఇంకోసారి చదివాడు.